ఒంటికన్ను కారు

"రానీ సార్, రానీ... రానీ... కొంచెం కుడికి కొట్టండి... ఆఁ, రానీ... హోల్డాన్!" రోజూ రాత్రి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వినిపించే పాట ఇది. ఆ రాత్రి కారు ఆగాక వాచ్‌మన్ ఒక చరణం అదనంగా కలిపాడు. "సార్, కుడిపక్క తెల్ల లైటు వెలగట్లేదు. మీ బండి ఒంటికన్నుతో వస్తా ఉంది."

ఎన్నాళ్ల నుంచి వెలగడం లేదో నాకు తెలియదు. హెడ్‌లైటు పోతే ముందు రోడ్డు చీకటవుతుంది. ఇండికేటరు బల్బు పోతే చాలా కార్లలో టిక్కుటిక్కుమనే చప్పుడు ఉన్నట్టుండి హడావుడి పడుతుంది. రివర్స్ లైటు పోతే మాత్రం స్టీరింగు ముందు కూర్చున్న మనిషికి చెప్పే నాథుడు ఉండడు. వెనకున్నవాడెవడో చూసి చెప్పాలి.

మర్నాడు ఆఫీసుకు వెళ్తూ దారిలో ఒక గ్యారేజీలో చూపించాను. "లోపల నీళ్లు దిగుంటాయి సార్, టెయిల్ ల్యాంపు మొత్తం మార్చేద్దాం" అన్నారు. లెక్క వేలల్లో చెప్పారు. నీళ్లు దిగిన జాడ నాకు కనపడలేదు. ఆదివారం పూట డిక్కీ తెరిచి నేనే కూర్చున్నాను. ఖర్చు నలభై రూపాయలు, పట్టిన సమయం పావుగంట. అందులో పది నిమిషాలు డిక్కీలో సామాను తీసి బయట పెట్టడానికే సరిపోయింది.

ఈ చిన్న దీపానికి రోడ్డు మీద ప్రత్యేకమైన చోటు ఉంది. వాహనాల లైట్లకు ప్రపంచమంతా పాటించే ఒక వ్యాకరణం ఉంది: ముందుకు తెలుపు, వెనక్కి ఎరుపు. చీకట్లో తెల్ల వెలుగు కనిపిస్తే ఆ బండి మొహం మీ వైపు ఉందని, ఎర్ర వెలుగు కనిపిస్తే వీపు మీ వైపు ఉందని అర్థం. వెనక్కి తెల్ల వెలుగు చూపించకూడదన్న నియమానికి పెద్ద మినహాయింపు రివర్స్ లైటు. కారణం తేలికే. రివర్స్ గేరు వేసిన బండికి ఆ కాసేపూ వీపే మొహం. మీ వైపే వస్తున్నానని చెప్పడానికి తెలుపును మించిన మాట ఆ భాషలో లేదు. మనకు వెనక గోడా, పిల్లల సైకిలూ, నిద్రపోతున్న కుక్కా కనిపించేదీ ఆ వెలుగులోనే. రివర్స్ కెమెరా ఉన్నవాళ్లు దీని అవసరమేమిటంటారు గానీ, వెలుగు తగ్గితే కెమెరా బొమ్మ కూడా చుక్కలు చుక్కలుగా వస్తుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక అనుమానం తీర్చుకోవాలి. మీ కారుకు అసలు రివర్స్ లైట్లు ఎన్ని? ఐక్యరాజ్యసమితి వాహన నియమాల ప్రకారం ఆరు మీటర్ల లోపు పొడవున్న బండికి ఒక్కటి తప్పనిసరి, రెండోది కంపెనీ ఇష్టం. అందుకే కొన్ని కార్లలో ఒకవైపు తెల్ల లైటు పెట్టి, రెండోవైపు అదే చోట ఎర్రటి ఫాగ్ లైటు పెడతారు, లేదా ఉత్త ప్లాస్టిక్ వదిలేస్తారు. అలాంటి కారు పుట్టుకతోనే ఒంటికన్నుది. పోని బల్బును మార్చబోయి భంగపడిన పెద్దమనుషులు నాకు తెలుసు. కారుతో వచ్చిన పుస్తకంలో బల్బుల పట్టీ ఉంటుంది. ఎవరూ తెరవని ఆ పుస్తకంలో తప్పకుండా తెరవాల్సిన పేజీ అదొక్కటి.

రెండు ఉండాల్సిన చోట ఒకటే ఆరిందా, రెండూ ఆరాయా? సగం రోగ నిర్ధారణ ఇక్కడే అయిపోతుంది. బ్యాటరీ నుంచి బయల్దేరిన కరెంటు ఇగ్నిషన్ దాటి, ఫ్యూజు దాటి, గేరుబాక్సు మీదున్న చిన్న స్విచ్చు దగ్గరికి వస్తుంది. మాన్యువల్ కారులో గేరు రాడ్డును రివర్స్‌లోకి తోసినప్పుడు లోపలి భాగం ఒకటి జరిగి ఆ స్విచ్చును నొక్కుతుంది. అక్కడి దాకా దారి ఒకటే. తర్వాతే కుడికీ ఎడమకూ చీలుతుంది. ఒకవైపు వెలుగుతోందంటే ఫ్యూజూ స్విచ్చూ నిక్షేపంగా ఉన్నట్టే, ఇక తేడా ఆ వైపు బల్బులోనో హోల్డరులోనో ఉంది. రెండూ ఒకేసారి ఆరితే, రెండు బల్బులు కూడబలుక్కుని చచ్చిపోయాయనుకునే కంటే ఫ్యూజునో స్విచ్చునో అనుమానించడం న్యాయం.

మన దేశంలో దీనికి ఇంకో సాక్షి కూడా దొరుకుతుంది. 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు. చాలా కార్లలో ఆ సెన్సార్లు మేలుకునేది కూడా రివర్స్ గేరు సంకేతంతోనే. గేరు వేస్తే బీప్ బీప్ మంటోంది, లైటు మాత్రం లేదు అంటే గేరు స్విచ్చు తన పని తాను చేస్తున్నట్టు. బీప్ కూడా లేకపోతే బల్బు కొనకండి. ముందు ఫ్యూజు చూడండి. ఫ్యూజుల రంగులు ఇంచుమించు అన్ని కార్లలో ఒకటే: 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు. ఎర్రది పోయిందని చేతికందిన పసుపుది గుచ్చేవాళ్లున్నారు. అసలు కాలాల్సింది ఫ్యూజు. దాన్ని బలిసినది చేస్తే కాలేది వైరింగు. స్విచ్చే పోయిందని తేలితే అది బండి కింద, గేరుబాక్సు మీద ఉంటుంది కాబట్టి మెకానిక్కుకు వదిలేయడమే మర్యాద.

ఇక డిక్కీ. ఇంజన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ లాగి, లైట్లన్నీ ఆర్పాక మొదలుపెట్టండి. కొన్ని కార్లలో లోపలి కార్పెట్టు పక్కకు లాగితే బల్బు హోల్డరు వీపు నేరుగా కనిపిస్తుంది. నా కారులో అంత భాగ్యం లేదు. డిక్కీ తలుపు తెరిస్తే టెయిల్ ల్యాంపు అంచున రెండు స్క్రూలు కనిపించాయి. స్టార్ స్క్రూడ్రైవరు సరిపోయింది. కొన్నిటికి పది నంబరు పానా కావాలి. స్క్రూలు విప్పే ముందు కింద బంపరు సందులో పాత గుడ్డ ఒకటి కుక్కండి. ఇది నేను స్క్రూ పోగొట్టుకున్నాక నేర్చుకున్న విద్య. బంపరు లోపలికి జారిన స్క్రూ ఇప్పటికీ అక్కడే ఉంది, గతుకుల్లో పలకరిస్తూ ఉంటుంది.

స్క్రూలు వచ్చినా ల్యాంపు రాదు. రెండోవైపు ప్లాస్టిక్ ముళ్లు కారు ఒంట్లో గుచ్చుకుని ఉంటాయి. పక్కకు లాగితే విరిగేది అవే. రెండు చేతులతో పట్టుకుని తిన్నగా వెనక్కి, అంటే మీ వైపుకి, చిన్నగా కదిలిస్తూ లాగితే టప్పున ఊడి వస్తుంది. వెనకాల వైర్ల గుత్తి వేలాడుతుంది. అందులో తెల్ల గాజు ఎదురుగా ఉన్న హోల్డరును వాచీ ముల్లు తిరిగే దిశకు ఎదురుగా పావు చుట్టు తిప్పితే బల్బుతో సహా చేతిలోకి వస్తుంది. అప్పటిదాకా వెలుగుతున్న బల్బు అయితే కాసేపు చల్లారనివ్వండి.

చేతిలోకి వచ్చిన బల్బును వెంటనే పారేయకండి. ఆకాశం వైపు పెట్టి చూడండి. చచ్చిన బల్బు తానెలా చచ్చిందో దాచుకోదు.

నాదాంట్లో రెండు తీగ కాళ్ల మధ్య చుట్ట తెగి, ఒక కొస చిన్న ముత్యంలా గుండ్రంగా ముద్దకట్టింది. గాజు లోపలివైపు అద్దంలా నల్లటి పూత. ఇది వృద్ధాప్య మరణం. ఆ చుట్ట టంగ్‌స్టన్. లోహాలన్నిటిలోకీ ఎక్కువ వేడికి కరిగేది ఇదే, 3,422 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఇనుము 1,538 దగ్గరే నీళ్లవుతుంది. వెలిగే బల్బులో టంగ్‌స్టన్ దాదాపు 2,400 డిగ్రీల వేడిలో ఉంటుంది. కరగదు గానీ, ఆరవేసిన బట్టలో తడి పోయినట్టు అణువణువుగా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరే గాజు మీద నల్లగా పేరుకుంటుంది. తీగ అంతటా ఒకేలా అరగదు. ఎక్కడో ఒకచోట రవ్వంత ఎక్కువ సన్నబడుతుంది. సన్నబడిన చోట నిరోధం ఎక్కువ, కాబట్టి వేడి ఎక్కువ. వేడి ఎక్కువ కాబట్టి ఆవిరి ఎక్కువ, ఆవిరి ఎక్కువ కాబట్టి ఇంకా సన్నం. వడ్డీకి వడ్డీ పెరిగిన అప్పులా ఒకరోజు అక్కడే తెగుతుంది.

ఈ నల్ల పూత వెనక ఓ మంచి కథ ఉంది. తొలినాటి బల్బుల్లో గాలి మొత్తం తోడేసి శూన్యం చేసేవారు. అయినా గాజు నల్లబడేది. లోపల మిగిలిన కాస్త గాలే దోషి, ఇంకా గట్టిగా తోడాలి అనుకునేవారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పనిచేసిన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ దీన్ని తిరగేసి చూశాడు. దోషం గాలిది కాదు, తీగ ఆవిరవడానిదని తేల్చి, తీగతో జట్టు కట్టని వాయువును లోపల నింపాడు. ఆ వాయువు అణువులు గుంపుగా అడ్డం నిలబడి, తీగ నుంచి ఎగిరిన టంగ్‌స్టన్ పరమాణువుల్లో చాలావాటిని గుద్ది వెనక్కి పంపుతాయి. అయితే వాయువు వేడిని కూడా మోసుకుపోతుంది కదా? దానికీ విరుగుడు కనిపెట్టాడు. తీగను దగ్గర దగ్గర చుట్లుగా చుడితే వాయువుకు అది సన్న తీగలా కాక ఒకే లావు కడ్డీలా కనిపిస్తుంది, వేడి తక్కువ పోతుంది. ఇది 1913 నాటి మాట. రివర్స్ లైటులో ఈరోజుకీ ఉన్నది ఆ చుట్టే, ఆ పద్ధతే. తర్వాత 1932లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఉపరితలాల మీద చేసిన పనికి.

గాజు లోపల నలుపు కాకుండా తెల్లగానో, పచ్చగానో బూడిద చల్లినట్టు కనిపిస్తే కథ వేరు. గాజుకు వెంట్రుకవాసి పగులొచ్చి గాలి లోపలికి చొరబడిందన్నమాట. కాగుతున్న టంగ్‌స్టన్‌కు ఆక్సిజన్ తగిలితే ఆక్సైడై పొడిలా రాలుతుంది. వేడి గాజు మీద చల్లని వాన చుక్క పడినా ఇలా పగలొచ్చు. అప్పుడు బల్బుతోపాటు ల్యాంపు అంచున ఉన్న రబ్బరు గ్యాస్కెట్టును కూడా అనుమానించాలి. గాజు నిగనిగలాడుతూ తీగ మాత్రం తెగి ఊగుతుంటే ఎక్కువగా అదిరి పోయినట్టు. టంగ్‌స్టన్ ఒకసారి వెలిగి చల్లారాక పెళుసవుతుంది. డిక్కీ తలుపును ధనామని వేసే అలవాటున్న ఇంట్లో ఈ బల్బుకు ఆయుష్షు తక్కువ. మా ఇంట్లో ఆ అలవాటు ఎవరిదో ఇక్కడ రాయను.

బల్బులు సరిగ్గా వేసే క్షణంలోనే ఎందుకు పోతాయి? కొత్త బల్బును మల్టీమీటరుతో కొలిచి చూడండి, ఓము కూడా నిండదు. 12 వోల్టుల దగ్గర 21 వాట్లు తీసుకునే బల్బుకు లెక్క ప్రకారం దాదాపు ఏడు ఓములు ఉండాలి. రెండూ నిజమే. చల్లగా ఉన్నప్పుడు టంగ్‌స్టన్ నిరోధం తక్కువ, కాగాక పది రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే గేరు వేసిన మొదటి క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు ఉరుకుతుంది. కన్ను మూసి తెరిచేలోగా తీగ కాగి దాన్ని అదుపు చేస్తుంది. అరిగిన చోటు ఉంటే ఆ ఉరుకుకే తెగుతుంది. రోజుకు నిమిషం కూడా వెలగని రివర్స్ లైటు పోయిందంటే అది గంటల కొద్దీ వెలిగిన అలసట ఒక్కదానితోనే కాదు. వెలిగి ఆరి, వెలిగి ఆరి, మధ్యలో గతుకులకు అదిరి కూడా పోతుంది.

అయినా ఇంటి బల్బు కంటే ఇది మొండిది. ఇళ్లలో ఒకప్పుడు వాడిన 60 వాట్ల గుండు బల్బు 230 వోల్టుల దగ్గర తీసుకునేది పావు ఆంపియరు చిల్లర. కారులో ఈ 21 వాట్ల బుడ్డిది తీసుకునేది 1.75 ఆంపియర్లు. వోల్టులు తక్కువైతే అంత కరెంటును మోయడానికి తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. పొట్టి లావు తీగ అదుర్లను బాగా ఓర్చుకుంటుంది. ఇంటి బల్బును కారులో పెట్టి మన రోడ్ల మీద తిప్పితే వారం ఆగదు.

వోల్టుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బల్బు ఆయుష్షు వోల్టేజీకి ఘోరంగా లొంగుతుంది. అయిదు శాతం వోల్టేజీ పెరిగితే ఆయుష్షు ఇంచుమించు సగానికి పడిపోతుంది. మీ కారులో ఇదొక్కటే కాదు, బ్రేకు బల్బు, హెడ్‌లైటు కూడా తరచూ పోతుంటే బల్బు కంపెనీలను తిట్టుకోవడం ఆపి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కొసల మధ్య వోల్టేజీ కొలిపించండి. మామూలుగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. అది దాటితే ఆల్టర్నేటరు రెగ్యులేటరు సంగతి చూడాలి.

కొత్త బల్బు కొనడానికి పాతది వెంట తీసుకెళ్లండి. "ఫలానా కారు రివర్స్ బల్బు" అని అడిగితే కొట్టువాడు గుర్తున్నది ఇస్తాడు. బల్బు మూతి మీద అచ్చేసిన అక్షరాలు చూపిస్తే సరైనది ఇస్తాడు. మన కార్లలో ఎక్కువగా కనిపించేవి రెండు. పి21డబ్ల్యూ అంటే ఇత్తడి మూతికి రెండు పిన్నులున్న 21 వాట్ల బల్బు. డబ్ల్యూ16డబ్ల్యూ అంటే లోహపు మూతి లేకుండా గాజే చదునుగా నొక్కిన 16 వాట్ల బల్బు. మొదటిదాన్ని కాస్త నొక్కి తిప్పి తీయాలి. రెండోదాన్ని తిన్నగా లాగితే చాలు, తిప్పితే విరుగుతుంది.

పిన్ను బల్బుల తెలివి నాకు భలే నచ్చుతుంది. అడుగున స్ప్రింగు ఎప్పుడూ పైకి తోస్తుంటుంది, పిన్నులు గాడిలో పట్టుకుని ఉంటాయి. అందుకే ఎంత అదిరినా వదులు కాదు. మరచుట్టు బల్బయితే గతుకుల్లో తనంతట తనే ఊడివస్తుంది. పైగా పిన్నుల చోటులోనే ఒక భాష ఉంది. ఒకే తీగ ఉన్న తెల్ల బల్బుకు రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఎదురెదురుగా ఉంటాయి. ఇండికేటరులో వేసే నారింజ రంగు బల్బుకు ఎదురెదురుగా కాకుండా 150 డిగ్రీల కోణంలో ఉంటాయి. బ్రేకుకూ పార్కింగుకూ కలిపి రెండు తీగలున్న బల్బుకు ఒక పిన్ను పైన, ఒకటి కింద. చూపుకు మూడూ అన్నదమ్ముల్లా ఉన్నా ఒకదాని హోల్డరులో ఇంకొకటి దిగదు. దిగడం లేదంటే బలం చూపించకండి. తప్పు బల్బు తెచ్చారని హోల్డరు చెబుతోంది.

బల్బు పెట్టే ముందు హోల్డరు లోపలికి తొంగి చూడండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రపు గాలికి అక్కడ పచ్చటి చిలుము పడుతుంది. నున్నటి ఉప్పుకాగితం ముక్కతో రెండుసార్లు రుద్దితే ఇత్తడి మెరుస్తుంది. కొత్త బల్బు గాజును గుడ్డతోనో కాగితంతోనో పట్టుకోండి. వేలి జిడ్డు అంటితే పేలిపోతుందన్న హెచ్చరిక అసలు హెడ్‌లైట్లలోని హాలోజన్ బల్బులకు. వాటి గాజు చిన్నది, మరీ వేడెక్కుతుంది. ఈ మామూలు బల్బుకు అంత భయం లేదు. అలవాటు మంచిది కాబట్టి చేయడమే.

కొత్త బల్బు పెట్టినా వెలగకపోతే, లేదా రివర్స్ వేస్తే పార్కింగ్ లైటు కూడా మసగ్గా వెలుగుతుంటే, ఎర్తు తెగి ఉండొచ్చు. కారులో కరెంటు తిరిగి వెళ్లడానికి ప్రతి బల్బుకూ వేరే తీగ ఉండదు. ఆ ల్యాంపులోని బల్బులన్నీ ఒకే తీగలో కలిసి కారు ఒంటికి అంటుకుంటాయి. ఆ ఒక్కటీ ఊడితే రివర్స్ బల్బు దాటిన కరెంటు ఇంటికి దారి లేక, పక్కనున్న పార్కింగ్ బల్బులోకి వెనక నుంచి దూరి, దాని తీగ పట్టుకుని అవతలివైపు ల్యాంపు దాకా పోయి అక్కడ నేలకు దిగుతుంది. వీధి తలుపు మూస్తే పక్కింటి పెరట్లోంచి వెళ్లినట్టు. దారిలో ఇన్ని తీగలు దాటడంతో ఏదీ పూర్తిగా వెలగదు. ఎర్తు స్క్రూ విప్పి, తుప్పు గోకి, బిగిస్తే ఈ దెయ్యం వదులుతుంది.

ఎల్‌ఈడీ వేసుకోవచ్చా అని అడుగుతారు. తీసుకున్న కరెంటులో నూటికి తొంభై పాళ్లకు పైగా వేడిగా పారేసే టంగ్‌స్టన్ కంటే అది నిజంగానే మెరుగు. కానీ ల్యాంపు వెనకున్న అద్దం గిన్నెను ఆ చిన్న చుట్ట ఉండే చోటును లెక్కలోకి తీసుకుని చేశారు. ఎల్‌ఈడీ చిప్పులు వేరే చోట, వేరే వైపుకు వెలుగుతాయి. దాంతో కళ్లలో కొట్టేంత వెలుగున్నా నేల మీద పడాల్సిన చోట పడకపోవచ్చు. కరెంటు మరీ తక్కువ తీసుకోవడంతో కొన్ని కార్ల కంప్యూటరు బల్బు పోయిందని గోల చేస్తుంది. ఎల్‌ఈడీ ఒక దిశలోనే కరెంటును రానిస్తుంది కాబట్టి, చదును గాజు బల్బు బదులు వేసినప్పుడు వెలగకపోతే తిరగేసి పెట్టి చూడాలి. ఏడాదికి కొద్ది గంటలు వెలిగే దీపానికి నేనైతే నలభై రూపాయల బల్బే వేస్తాను.

ల్యాంపు బిగించే ముందే వెలుగుతోందో లేదో చూసుకోండి. ఇంజన్ స్టార్ట్ చేయనక్కర్లేదు. మాన్యువల్ కారయితే తాళం ఆన్ దాకా తిప్పి రివర్స్ గేరు వేస్తే చాలు. ఆటోమేటిక్ అయితే బ్రేకు మీద కాలు తీయకండి. వెనక మనిషిని నిలబెట్టి ఇంజన్ నడిపే సాహసం మాత్రం వద్దు. అందరి కంటే మంచి సాక్షి గోడ. సెల్లార్‌లో గోడకు నాలుగడుగుల దూరంలో కారు వీపు పెట్టి గేరు వేస్తే, అద్దంలోంచే గోడ మీద రెండు తెల్ల మచ్చలు కనిపిస్తాయి. ఈ రాత్రి కారు పెట్టేటప్పుడు ఒకసారి లెక్కపెట్టండి. పుస్తకం రెండని చెప్పి, గోడ ఒకటే చూపిస్తే, రేపు కొట్టుకు వెళ్లినప్పుడు రెండు బల్బులు కొనండి. రెండోది కాగితంలో చుట్టి డాష్‌బోర్డు అరలో పెట్టుకోండి. ఒకే రోజు బిగించిన బల్బులు, ఒకే గతుకులు తిన్నవి. ఇంకా వెలుగుతున్న పాతదాని వంతు రావడానికి ఎక్కువ కాలం పట్టదు.